ఇన్నాసి ముడి

మా వ్యాకులమాత గుడిలో ఆదివారం రెండో పూజ చివర ప్రకటనలు చదివేది నేనే. పద్దెనిమిదేళ్లుగా నేనే. ఈలోపు ఫాదర్లు ఆరుగురు మారారు, మైకు మూడుసార్లు మారింది, నా గొంతు మాత్రం మారలేదు. ఉక్కునగరం క్వార్టర్లకి కొత్తగా వచ్చినవాళ్లు, ఈవిడ ప్రకటన చదువుతోందా, మనల్ని తిడుతోందా అని పక్కవాళ్లని అడుగుతారట. రెండూనని చెబుతారట. ముప్పై మూడేళ్లు ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని. ఇంకోలా మాట్లాడటం నాకు రాదు.

నా పేరు లూర్దమ్మ. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఊరందరికీ నేను టీచరమ్మనే. మా ఆయన ఇన్నాసి కూడా టీచరమ్మా అనే పిలిచేవాడు, కాకపోతే ఆయన పిలుపులో కాస్త వెటకారం ఉండేది.

ఫిబ్రవరి వచ్చిందంటే నా కాగితం రెండు పేజీలవుతుంది. లూర్దుమాత పండుగకి తొమ్మిది రోజుల ప్రార్థనలు, ఏ రోజు ఏ సెక్టారు వాళ్ల వంతో చెప్పాలి. మంచం పట్టినవాళ్లకి ఫాదర్ ఇంటికి వెళ్లి సత్ప్రసాదం ఇచ్చే రోజు చెప్పాలి. పాటల బృందానికి ప్రాక్టీసు ఎప్పుడో, పండుగనాడు పులిహోర ఎవరు కలుపుతారో, ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో శుక్రవారం సిలువమార్గం ఎన్ని గంటలకో చెప్పాలి. సిలువమార్గం మా దగ్గర రెండుసార్లు. ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లకి ఒకటి, మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాళ్లకి ఒకటి. మా దేవుడు కూడా షిఫ్టులు చూసుకునే రావాలి.

వీటన్నిటి చివర ఇంకో ప్రకటన ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు మా గుడిలో ప్రతి ఇంటికీ కొబ్బరాకుతో అల్లిన చిన్న సిలువ ఒకటి ఇస్తారు. ఫాదర్ ఆశీర్వదించి ఇచ్చిన ఆ సిలువని ఏడాది పొడుగునా ఇంట్లో పటం వెనక పెట్టుకుంటాం. మళ్లీ ఏడు విభూతి బుధవారానికి ముందు దాన్ని గుడికి తిరిగి తెచ్చివ్వాలి. అలా వచ్చినవన్నీ కాల్చి, ఆ బూడిదతోనే బుధవారం అందరి నుదుట సిలువ గుర్తు వేస్తారు. తపస్సు కాలం అక్కణ్నుంచి మొదలవుతుంది. మనం తెచ్చిస్తేనే విభూతి, లేకపోతే లేదు.

పోయినేడు తేలేదు. మా గుడి కిందికొచ్చే నాలుగు వందల ఇళ్లలో గట్టిగా ముప్పై ఇళ్లవాళ్లు తెచ్చారు. ఇంట్లో ఉంటే మంచిదని ఒకరు, అటక మీద ఎక్కడో పెట్టామని ఒకరు, ఎవరి సాకు వాళ్లది. బుధవారం సాయంత్రం పూజకి పళ్లెం ఖాళీ అయిపోయింది. చివర నిలబడ్డ నలభైమంది నుదుటి మీద ఫాదర్ బాలశౌరి వట్టి బొటనవేలు రాశారు. వాళ్లలో సగం మంది యూనిఫారాలతో డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు. ఆ పూట నాకు తల కొట్టేసినట్టయింది.

అందుకని ఈ ఏడు మూడు ఆదివారాలు వరసగా వాయించాను. దేవుడి గుర్తుని పటం వెనక దాచుకుని ఏళ్ల తరబడి పోగేసుకోవడం భక్తి కాదు, బద్ధకం అన్నాను. కిందటేడు నలభైమందిని ఖాళీ నుదుటితో ఇంటికి పంపిన పాపం ఎవరిదో వాళ్లే ఆలోచించుకోమన్నాను. మూడో ఆదివారం ఇంకాస్త ముందుకెళ్లి, ఏ ఇంటికీ మినహాయింపు లేదు, టీచరమ్మ ఇంటికొచ్చి పటాలు తిప్పి చూస్తుంది అన్నాను. అందరూ నవ్వారు. కానీ భయపడ్డారు. ఆ ఆదివారం గుమ్మం దగ్గర పెట్టిన గోనె సంచులు మూడూ నిండిపోయాయి.

ఇదంతా చెప్పినదాన్ని, మా ఇంట్లో సిలువ మాత్రం ఇవ్వలేదు. మరిచిపోయి కాదు. ఇవ్వదలచుకోలేదు.

ఎందుకో చెబుతాను. ఆ నాలుగు వందల సిలువలూ అల్లేది మా ఆయనే. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. వేడికి మొద్దుబారిన చేతులు, వేళ్లు ఇంతింత లావు. ఆ చేతులతో ముప్పై ఏళ్లు, ప్రతి ఏడూ మట్టల ఆదివారం ముందు వారం రోజులు వరండాలో చాప వేసుకుని కూర్చుని అల్లేవాడు. దారం లేదు, గుండుసూది లేదు. ఆకు ఎండిపోయినా ఊడేది కాదు. అడ్డం నిలువు కలిసే చోట ఆయన వేసే ముడిని గుడిలో ఇన్నాసి ముడి అనేవాళ్లు. నేర్చుకుందామని చాలామంది వచ్చారు. వాళ్లు అల్లినవి వారం తిరక్కుండా విచ్చుకునేవి. ఒక సిస్టర్ గారు స్టాప్లర్ తెచ్చి పిన్ను కొట్టారు. ఆవిడ ఎదురుగా ఉన్నంతసేపూ మా ఆయన పైకి చూసి ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకున్నాడు.

నాకు నేర్పుతానని ఏటా అనేవాడు. నాకు వరండా నిండా చెత్త కనిపించేది తప్ప సిలువలు కనిపించేవి కావు. ప్రకటనలు రాసుకోవాలి, నాకు తీరిక లేదు అనేదాన్ని. ఒక్కసారి మాత్రం కూర్చున్నాను. రెండు మడతలు వేశానో లేదో, "టీచరమ్మా, నీ వేలే అడ్డం వస్తంది" అన్నాడు. నా చేతులు మొరటువని వెక్కిరిస్తున్నాడనుకుని ఆకు విసిరేసి లేచిపోయాను. మళ్లీ కూర్చోలేదు.

నా సిలువ ఎప్పుడూ చివర అల్లేవాడు. అందరికీ అయ్యాక మిగిలిపోయిన ఆకుతో నాకా అని ఒక ఏడు దెబ్బలాడాను. అప్పటికి చెయ్యి బాగా తిరిగి ఉంటుందన్నాడు. పోయినేటిది కూడా అలాగే అన్నిటికంటే చివర అల్లి, యేసు తిరుహృదయం పటం వెనక తనే పెట్టాడు. అక్టోబరులో, జపమాల నెలలో, పొద్దున్న టీ తాగి గ్లాసు కింద పెట్టి ఛాతీ పట్టుకున్నాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

అప్పట్నుంచీ పొద్దున్నే పటం ముందు కొవ్వొత్తి వెలిగించాక, వెనక చెయ్యి పెట్టి ఆ సిలువని ఒకసారి తడుముకోవడం నాకు అలవాటైంది. కంటికి కనిపించనక్కర్లేదు, చేతికి తగిలితే చాలు. ఆయన చేతులు చివరగా నాకోసం చేసింది అదొక్కటే. దాన్ని బూడిద చెయ్యమని ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. మైకు ముందు నిలబడి అందర్నీ తిడుతున్నప్పుడు కూడా లోపల ఒక మూల తెలుస్తూనే ఉంది, నేను చేస్తున్నది తప్పని.

విభూతి బుధవారానికి ముందు రోజు, మంగళవారం పొద్దున్న, పటం వెనక చెయ్యి పెడితే గోడ తగిలింది.

పటం దించి చూశాను. కింద వెతికాను. చీపురు తెచ్చి బల్ల కిందంతా ఊడ్చాను. అప్పుడు వంటింట్లోంచి మా కోడలు రోజారమణి వచ్చి ఏం వెతుకుతున్నానని అడిగింది. రోజా చీపురుపల్లి దగ్గర రైతుల పిల్ల. పరవాడ మందుల కంపెనీ ల్యాబులో పని. మా అబ్బాయి అంతోనిదీ అదే కంపెనీ, అక్కడే ఇష్టపడ్డారు. పోయిన ఈస్టరుకే జ్ఞానస్నానం తీసుకుంది. పుట్టుకతో క్రైస్తవులైన మేము సగం విని సగం వదిలేసే ప్రకటనలని ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంటుంది. శుక్రవారం మాంసం వద్దంటే గుడ్డు తినొచ్చా అని ఫాదర్‌కి ఫోన్ చేసి మరీ అడిగిన పిల్ల.

సిలువ ఏదని అడిగాను. నిన్న పనికి వెళ్తూ గుడి దగ్గర సంచిలో వేసేశానని చెప్పింది. చెప్తున్నప్పుడు దాని మొహం సంతోషంగా ఉంది. నేను మరిచిపోయిన పని తను చేసిపెట్టినందుకు మెచ్చుకుంటాననుకుంది.

నేను మెచ్చుకోలేదు. అడక్కుండా నా గదిలో వస్తువు ముట్టుకోవడానికి నువ్వెవరివని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. రోజా చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. నాకు ఊపిరి అందక ఆగినప్పుడు మెల్లిగా అంది.

"మూడు వారాలు మైకులో సెప్పినారు కదా అత్తమ్మా. ఏ ఇంటికీ మినాయింపు నేదన్నారు. మన ఇల్లు వేరే అని నాను అనుకోనేదు."

చెప్పులు వేసుకుని గుడికి బయల్దేరాను.

సాయంత్రం నాలుగింటికి గుడి వెనక సిలువలు కాల్చే కార్యక్రమం. సమయం ప్రకటించింది కూడా నేనే. నేను వెళ్లేసరికి పదకొండు కావస్తోంది. పూజ సామాను గది తాళం ఒకటి నా దగ్గర ఉంటుంది. తలుపు తీసి, చాప పరిచి, మూడు సంచులూ కుమ్మరించాను. నాది నాకు తెలియకుండా పోతుందా అనుకున్నాను. నాలుగు నెలలు రోజూ తడిమిన వస్తువు.

కుప్ప ముందు కూర్చున్నాక అర్థమైంది నేనెంత తెలివితక్కువదాన్నో. అక్కడున్న ప్రతి సిలువా మా ఆయన అల్లిందే. అన్నీ ఒకే ఆకు రంగు, ఒకే కొలత. అడ్డం నిలువు కలిసే చోట అన్నిటికీ అదే ముడి.

ఒక్కొక్కటే తీసి చూశాను. ఒకదానికి పసుపు, కుంకుమ అంటి ఉన్నాయి. ఎవరింట్లోనో యేసు ప్రభువు పటం పక్కనే అమ్మవారి పటం కూడా ఉందన్నమాట. ఒకదానికి వంటింటి పొగ పట్టి జిడ్డుగా ఉంది. ఒకదాని మీద ఎవరో పిల్లలు బాల్‌పెన్నుతో దేవి, టెన్త్ పాస్ అని రాసుకున్నారు. ఇంకోటి చేపల వాసన వేస్తోంది, దానికి నీలం రంగు వల దారం కట్టి ఉంది. అది పోతమ్మది. ఆదివారాలు గుడి గేటు దగ్గర చేపలు అమ్ముతుంది. వాళ్లు గంగమ్మకి మొక్కేవాళ్లు, అయినా మా ఆయన దగ్గర ఏటా ఒక సిలువ అడిగి తీసుకెళ్లి పడవకి కట్టుకునేది. అది కూడా నా మైకు విని తెచ్చిచ్చేసింది. వీళ్లందరూ ఇన్నాళ్లూ దాచుకున్నవి, నేను కసిరితే తెచ్చి సంచిలో వేశారు.

ఇక కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. మొదటిది పట్టుకోగానే నాదే అనిపించింది. రెండోది కూడా నాదే అనిపించింది. ఇరవయ్యో, ముప్పయ్యో అయ్యాక కూడా ప్రతిదీ నాదిలాగే ఉంది. అప్పుడు నాకు మా ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నాకోసం ప్రత్యేకంగా అల్లాడని ముప్పై ఏళ్లు అనుకున్నాను కదా. చేపలమ్మే పోతమ్మకి ఎలా అల్లాడో, ఎన్నడూ గుడికి రాని వాళ్లకి ఎలా అల్లాడో, నాకూ సరిగ్గా అలాగే అల్లాడు. ఒక్క మడత తేడా లేదు. కుప్ప ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు వచ్చినవాళ్లకి కాఫీలు అందాయా లేదా అని చూసుకుంటూ ఉండిపోయాను.

ఎంతసేపైందో, తలుపు దగ్గర నీడ పడింది. రోజా. ఆటో దిగి వచ్చినట్టుంది, చేతిలో అన్నం క్యారేజీ. వచ్చి పక్కన కూర్చుంది. తను కూడా ఒకటి తీసి చూసి, ఇంకోటి తీసి చూసి, అన్నీ మావయ్యవే అని గ్రహించి ఆగిపోయింది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నే అంతగా అరిచి వచ్చాను, నాకు దాని మొహం చూడ్డానికి సిగ్గేసింది.

"తప్పు నీది కాదే. ఊరందరికీ ఒక మాట చెప్పి, ఇంట్లో ఇంకో పని చేసింది నేను. నువ్వు నా మాట విన్నావు, అంతే" అన్నాను.

రోజా నా చెయ్యి పట్టుకుంది. క్షమాపణ నేను సరిగ్గా అడగలేకపోయాను, అది అడిగించుకోనూ లేదు. క్యారేజీ విప్పి బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించింది.

మేమలా ఉండగానే ఫాదర్ బాలశౌరి వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు, ముప్పై అయిదు ఉంటాయి. నేనంటే గౌరవమూ ఉంది, కాస్త హడలూ ఉంది. నేల మీద సిలువల మధ్య నన్ను అలా చూసి ఏమైందని అడిగారు. దాచకుండా మొత్తం చెప్పాను. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం గదిలో కూడా నేను అంత సూటిగా ఎప్పుడూ చెప్పి ఉండను. ఆయన, అన్నీ ఇన్నాసి గారు అల్లినవే కదా టీచరమ్మా, వీటిలో ఏదో ఒకటి ఉంచేసుకోండి, విభూతికేమీ తక్కువ రాదు అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఏదో ఒకటి అన్న మాట గుచ్చుకుంది. సిలువలు తిరిగి సంచిలోకి ఎత్తడం మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడు గేటు వైపు నుంచి ఖాళీ బుట్ట తలమీద పెట్టుకుని పోతమ్మ వచ్చింది. చేపలు అమ్ముడైపోయాయట, తన సిలువ కాలుస్తుంటే చూసి వెళదామని వచ్చిందట. చాప మీదున్న నీలం దారపు సిలువని గుర్తుపట్టి, దాన్ని వంగి ఒకసారి ముట్టుకుని కళ్లకద్దుకుంది. తర్వాత నన్నడిగింది.

"నువ్వు మైకులో సెప్పినావని తెచ్చిచ్చేసినాను టీచరమ్మా. మరి పడవకి కొత్తది ఎవులు అల్లుతారు? ఇన్నాసన్న నేడు కదా."

నాలుగు నెలలుగా పాత సిలువ ఎలా దాచుకోవాలా అనే చూసుకున్నాను తప్ప, ఆరు వారాల్లో మట్టల ఆదివారం వస్తుందని, ఆ రోజు నాలుగు వందల ఇళ్లవాళ్లు చెయ్యి చాపుతారని నాకు తట్టనే లేదు. ఫాదర్ దానికి తను ఒక ఏర్పాటు ఆలోచించానని, ద్వారకానగర్‌లో ఒక షాపులో ప్లాస్టిక్‌వి తయారుగా దొరుకుతాయని చెప్పారు.

"ప్లాస్టిక్ కాలిస్తే మళ్లీ ఏటికి విభూతి వస్తుందా ఫాదర్?" అన్నాను.

కుప్పలోంచి ఒక సిలువ తీసి రోజా చేతిలో పెట్టాను. మావయ్య అల్లుతుంటే పోయినేడు పక్కన కూర్చుని ఆకులు చీల్చి ఇచ్చింది నువ్వే కదా, ఏది ముందో ఏది వెనకో గుర్తుందా అని అడిగాను. కొంచెం కొంచెం ఉందంది. అయితే దీన్ని విప్పుదాం అన్నాను. అది నాదే అయి ఉండొచ్చని తెలిసే అన్నాను.

ఎండిన ఆకు విప్పితే విరిగిపోతుంది. ఫాదర్ బకెట్లో నీళ్లు తెచ్చారు. నాలుగు సిలువలు నానబెట్టాం. మొదటిది తొందరపడి లాగాను, ముడి దగ్గరే తెగింది. రెండోది పోతమ్మ తీసుకుంది. వల చిక్కులు విప్పిన చేతులు కదా, సగం దాకా చక్కగా విప్పింది, చివర చీలిపోయింది. మూడోది రోజా చేతిలో నిదానంగా, మడత వెనక మడత విచ్చుకుంది. చివరికి జానెడున్నర పొడవు ఆకు, దానిమీద మా ఆయన మడిచిన గీతలన్నీ వరసగా కనిపిస్తూ చాప మీద పడింది.

ఆ గీతల వెంట మళ్లీ మడవడం మొదలుపెట్టాం. రోజా చెబుతోంది, నేను మడుస్తున్నాను.

"మావయ్య ముందు ఇటు తిప్పీవోరు అత్తమ్మా. ఆ తరవాత ఎడం సెయ్యి కిందనుంచి తెచ్చీవోరు."

మూడు మడతలు బాగానే వచ్చాయి. ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆకు దూరాల్సిన సందులో నా ఎడమ బొటనవేలు ఉంది. వేలు తీస్తే మడత జారిపోతుంది, ఉంచితే ఆకు దూరదు. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే. రోజా ప్రయత్నించింది, దానికీ అంతే. పోతమ్మకీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయనకి ఎడమ బొటనవేలు పై కణుపు లేదు. పన్నెండేళ్లప్పుడు భీమిలిలో వాళ్ల తాత దగ్గర కొబ్బరి మట్టలు నరుకుతుంటే కత్తి పడి తెగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసినదాన్ని, ఆ వేలు అలా ఉంటుందన్న సంగతే కంటికి ఆనడం మానేసింది. నీ వేలే అడ్డం అని ఆ రోజు అన్నది వెక్కిరింపు కాదు. ఉన్న సంగతే చెప్పాడు. ఇంకో మాట చెప్పేలోపు నేను లేచిపోయాను.

బొటనవేలి పై కణుపుని లోపలికి మడిచి, ఆ మొద్దు భాగంతో మడతని నొక్కిపట్టాను. సందు తెరుచుకుంది. ఆకు అందులోంచి తేలిగ్గా దూరి అవతలికి వచ్చింది. లాగితే ముడి బిగిసింది. నా వేలు మడిచి చూసుకుంటే అది అచ్చం ఆయన వేలు. నా చేతి చివర ఆయన చెయ్యి కనిపించింది. రోజా కూడా చూసింది. ఇద్దరం ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చాం, పోతమ్మ ఏటి ఏటి అని అడుగుతూనే తనూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బయట నాలుగవుతోంది. ఒక్కొక్కరే జనం చేరుతున్నారు. ఫాదర్ వాళ్లని పావుగంట ఆగమని చెప్పి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. నేను ఇంకో రెండుసార్లు విప్పి అల్లాను, చెయ్యి మరిచిపోకుండా. తర్వాత అన్నీ సంచుల్లోకి ఎత్తాం. ఒకటి ఉంచుకోమని ఫాదర్ మళ్లీ అన్నారు. వద్దన్నాను. ఇప్పుడు నాకు దాంతో అవసరం లేదని కాదు. చాలా ఉంది. కానీ మూడు వారాలు అంతమందిని అడిగి తెప్పించాక నాదొకటి వెనక్కి తీసుకుంటే ఆ మైకు మళ్లీ పట్టుకోలేను.

పండుగ వంటల ఇనప మూకుడులో వేసి అంటించారు. ఎండిన ఆకులు కదా, క్షణంలో అందుకున్నాయి. నానబెట్టినవి మాత్రం కాసేపు పొగవేశాయి. నా సిలువ ఏదో తెలియదు కాబట్టి ప్రతి మంటనీ చూశాను. చల్లారాక నలిపి, పల్చటి గుడ్డలో జల్లించాం. రెండు పళ్లేలు నిండా వచ్చింది.

బుధవారం సాయంత్రం పూజకి గుడి కిటకిటలాడింది. వరసలో నా వంతు వచ్చినప్పుడు, మట్టి నుంచి వచ్చావు, మట్టికే చేరతావు అంటూ ఫాదర్ నా నుదుట రాశారు. పక్కకి వచ్చి నిలబడి, తర్వాత వచ్చేవాళ్లని చూస్తూ ఉండిపోయాను. యూనిఫారాలతో వచ్చిన ప్లాంటు వాళ్లు, పాటల బృందం పిల్లలు, మా అంతోని, సిస్టర్ గారు, ఎత్తుకున్న పాపతో ఎవరో కొత్తావిడ. చివర మనిషి దాకా ప్రతి నుదుటి మీదా నల్లగా, స్పష్టంగా పడింది. మా ఆయన చేతిపని అందరికీ సమానంగా వచ్చింది. నిన్న అదే సంగతికి నాకు కోపం వచ్చింది. ఈ రోజు గర్వంగా ఉంది.

పూజ చివర మైకు దగ్గరికి వెళ్లాను. కాగితం మీద రాసుకున్నది పక్కన పెట్టి, ముందుగా ఒక క్షమాపణ అన్నాను. మిమ్మల్నందర్నీ తిట్టి మీ సిలువలు తెప్పించాను, నాది మాత్రం దాచుకున్నాను, మా కోడలు నాకంటే నిజాయితీగా దాన్ని తెచ్చి ఇచ్చింది అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలాయన, పర్వాలేదమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత మామూలు గొంతుతో ప్రకటనలు చదివాను. శుక్రవారం సిలువమార్గం రెండుసార్లు. ఆదివారం మూడో సెక్టారు వాళ్లు గుడి శుభ్రం చెయ్యాలి, కిందటిసారిలా నలుగురే వస్తే ఊరుకోను. వచ్చే శనివారం నుంచి మట్టల ఆదివారం దాకా ప్రతి శనివారం మూడింటికి టీచరమ్మ ఇంటి వరండాలో సిలువలు అల్లడం నేర్పబడును. ఎవరి ఆకు వాళ్లే తెచ్చుకోవాలి. స్టాప్లర్లు తేకూడదు. ఎవరికైనా ముడి దగ్గర వేలు అడ్డం వస్తే కోపం తెచ్చుకుని లేచిపోకూడదు, మళ్లీ కూర్చోవాలి.

కాగితం మడుస్తూ తలెత్తి చూశాను. రెండో వరసలో రోజా, ప్రకటనలు రాసుకునే నోటుబుక్కు ఒళ్లో మూసి పెట్టుకుని, ఎడమ బొటనవేలు మడిచి గాలిలో ముడి వేసుకుంటోంది.